బెల్లు కొట్టని సైకిలు

సాల్మన్ సైకిలు ఊళ్ళోకి వస్తే పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు ముందు ఏడుపు మొదలుపెట్టేవాళ్ళు. పోయిందెవరని అడగడం ఆ తర్వాత. నేనేదో పెంచి చెప్తున్నానని అనుకుంటే మీ ఇష్టం. పెనుకొండ బస్టాండు ఎదురుగా పాతికేళ్ళు సైకిలు షాపు నడిపినవాణ్ణి, ఆ సైకిలుకు పంక్చర్లు వేసినవాణ్ణి, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మొన్న టీ కొట్టు దగ్గర ఎవడో కుర్రాడు, మన పక్క ఆటల్లో పేరు తెచ్చుకున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని ఇకిలించాడు. నాకు ఒళ్ళు మండింది. ఉన్నాడురా, వరసగా కప్పులు గెలిచినవాడు ఉన్నాడు, నీ మొహానికి తెలియదు, అన్నాను. పేరేంటన్నాడు. సాల్మన్ అన్నాను. పక్కన బీడీ కాల్చుకుంటున్న పెద్దమనిషి వెంటనే "ఎవురూ, సావు కబుర్ల సాల్మనా?" అన్నాడు. ఇదీ మనవాళ్ళ జ్ఞాపకం. అందుకే ఇదంతా రాస్తున్నాను.

తొంభైల మొదట్లో పల్లెల్లో ఫోన్లు ఎక్కడివి? ఊరికొకటి ఉంటే అది ఏ పెద్ద రైతు ఇంట్లోనో మూగగా పడి ఉండేది. ఇంట్లో మనిషి పోతే, వేరే ఊళ్ళలో ఉన్న కూతుళ్ళకూ అన్నదమ్ములకూ కబురు మనిషి చేతే వెళ్ళాలి. వాళ్ళు వచ్చి మొహం చూసుకునేదాకా శవాన్ని ఎత్తరు. పెనుకొండ పక్కనే, సాల్మన్ వాళ్ళ ఊళ్ళో ఆ కబురు మోసే పని ఊరవతల కాలనీవాళ్ళది. వాళ్ళ తాత మోశాడు, నాయన ఏసురత్నం మోశాడు. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నా సరే, ఊళ్ళోంచి కేక వస్తే లేచి పోవలసిందే. ఇది మీకిష్టమేనా అని వాళ్ళను అడిగిన మగాడు ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు.

ఆ పనికి కొన్ని పద్ధతులుండేవి. కబురు తెచ్చినవాడు గడప దాటకూడదు. వీధిలోనే నిలబడాలి. పోయాడనే మాట నోట రాకూడదు. "సీరియస్‌గా ఉండాది, బయల్దేరి రమ్మన్నారు" అనాలి. ఇంటివాళ్ళు గుండె బాదుకుంటూ ఉన్నాడా పోయాడా అని పట్టుకుని అడిగితే, "ఉండాడు, ఉండాడు. ఊరికే సూసిపోదురు రమ్మన్నారు" అనాలి. అది అబద్ధమని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అయినా ఆ అబద్ధాన్ని పట్టుకునే వాళ్ళు ఇల్లు తాళం పెట్టుకుని, పిల్లలను చంకనేసుకుని, బస్సెక్కి ఊరు చేరేవాళ్ళు. ఆ మాత్రం దయ లేకపోతే ఎంతమంది దారిలోనే కూలిపోయేవాళ్ళో. ఇంకో పద్ధతి కూడా ఉంది. కబురు మోసే సైకిలు బెల్లు కొట్టదు.

ఏసురత్నానికి సైకిలు లేదు. నడక, దొరికితే బస్సు. ఒకసారి ఎండాకాలంలో ఊళ్ళో ఒక పెద్దామె పోతే, అగళిలో ఉన్న కూతురికి చెప్పడానికి బయల్దేరాడు. మడకశిర దాకా బస్సు దొరికింది. ఆ పైన బస్సు తప్పిపోయి, మండుటెండలో నడుచుకుంటూ పోయాడు. ఆ కూతురు వచ్చేసరికి ఇక్కడ మట్టి చేసేశారు. ఎండకు ఎంతసేపని ఉంచుతారు? ఆమె కాలనీకి వచ్చి ఏసురత్నాన్ని నానా మాటలు అంది. "మాయమ్మ మొగం నాకు దక్కనీకుండా జేస్తివి గదరా, నీ కాళ్ళు ఇరగ" అని మట్టి తీసి పోసింది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. గుమ్మంలోంచి చూస్తున్న సాల్మన్‌కు అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆ మరుసటి నెలే నా షాపుకొచ్చి, మూల పడి ఉన్న పాత సైకిలును చూపించి "అన్నా, దీన్ని బాగు చేసిస్తావా, నీ షాపులో పని చేసి తీర్సుకుంటా" అన్నాడు. ఎందుకురా అంటే, "మా నాయన కాళ్ళు సాల్డంలేదన్నా" అన్నాడు.

అలా వాడు రోడ్డెక్కాడు. గోరంట్ల, రొద్దం, సోమందేపల్లి, హిందూపురం, ఒక్కోసారి తనకల్లు దాకా. ఎదురుగాలి అనడు, గుట్ట అనడు. తల వంచి, ఎవరి మొహమూ చూడకుండా, నడుం ఎత్తి తొక్కేవాడు. కబురు మోసేటప్పుడు దారిలో ఎవరి కళ్ళలోకీ చూడకూడదని వాళ్ళ నాయన నేర్పాడు. ఆ వేగంతో ఏ కూతురికీ తల్లి మొహం దక్కకుండా పోలేదు. అది గొప్ప కాదా? కానీ ఎవడి నోటా ఒక మంచి మాట రాలేదు. వాడు కనిపిస్తే పిల్లలను లోపలికి లాక్కునేవాళ్ళు. పొద్దున్నే వాడు ఎదురైతే ప్రయాణం మానుకున్నవాళ్ళను నేనెరుగుదును. ఏ కబురూ లేకుండా ఊరికే తిరణాలకు పోయినా, వాడు నిలబడ్డ చోట చుట్టూ జాగా ఖాళీ అయ్యేది.

ఒకరోజు టైరు విప్పుకుంటూ అన్నాడు, "అన్నా, నన్ను జూసి ఎవురన్నా నవ్వుతారా ఎప్పుడన్నా?" అని. నేను చిరాకు పడ్డాను. నీ మొహానికి నవ్వు ఒకటి తక్కువైందా, ముందు ఆ టైరు సంగతి చూడు, అన్నాను. నా నోరు అలాంటిది. కానీ ఆ మాట నాకు రాత్రి అన్నం దగ్గర గుర్తొచ్చింది, కంచం పక్కకు జరిపేశాను.

ఆ ఏడాదే హిందూపురంలో కొందరు కుర్రాళ్ళు సంఘం కట్టి, రిపబ్లిక్ డేకి సైకిలు పందెం పెట్టారు. హిందూపురంలో బయల్దేరి, సోమందేపల్లి, పెనుకొండ, గుట్టూరు, చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం చేరాలి. నేను సాల్మన్‌ను రెక్క పట్టుకుని లాక్కుపోయాను. క్యారియరు విప్పేశాను, మడ్‌గార్డులు విప్పేశాను, స్టాండు కూడా పీకేశాను. బెల్లు కూడా విప్పబోతే వద్దన్నాడు. "ఎట్లాగూ కొట్టేది లేదు, ఉండనీ అన్నా, పాపం" అన్నాడు. ఖాకీ నిక్కరు, బనీను, వీపుకు పిన్నులతో గుచ్చిన నంబరు గుడ్డ. పక్కన నిలబడ్డవాళ్ళవి సన్న టైర్ల సైకిళ్ళు. వీడిది పాలు పోసుకునేవాడి సైకిలు.

పందెం సోమందేపల్లి చేరేసరికి వీడే ముందున్నాడు. చప్పట్లు కొడదామని రోడ్డు పక్కన నిలబడ్డ జనం, వచ్చేది ఎవరో చూసి చేతులు దించుకున్నారు. ఒకామె "దేవుడా, ఎవురు పోయిరో" అని కొంగు నోట్లో కుక్కుకుంది. మా పెనుకొండలో అయితే మా వీధి టిఫిను కొట్టు ప్రమీలమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది. వెనక మోపెడ్ మీద ట్యూబులూ పంపూ పెట్టుకుని వస్తున్న నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఓయమ్మా, ఇది పందెం, పందెం, అని అరుచుకుంటూ పోయాను. ఎవరు విన్నారు?

ధర్మవరంలో వీడెవరో ఎవరికీ తెలియదు. మనం తెలుసుకోవలసింది అదే. మగ్గం గుంటల్లోంచి పైకొచ్చి, నేతవాళ్ళు వీధుల్లో బారులు తీరారు. ఆసు పోసే ఆడవాళ్ళు చేతుల్లో దారం అలాగే పట్టుకుని అరుగుల మీద నిలబడ్డారు. పాత సైకిలు మీద, చెమటలు కారుకుంటూ వీడు ఒంటరిగా వస్తుంటే ఈలలు, కేకలు. పట్టుచీరల షావుకారు సుబ్బరాయుడు మెడలో దండ వేసి, శాలువా కప్పి, కప్పు చేతికిచ్చాడు. సాల్మన్‌కు ఆ చప్పట్లను ఏం చేసుకోవాలో తెలియలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు కప్పును బనీనులో పెట్టుకున్నాడు. చెన్నేకొత్తపల్లి దగ్గర ఆగి "అన్నా, ఆళ్ళు నన్ను జూసి నవ్వినారన్నా" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆకాశం వైపు చూశాను.

ఆ తర్వాత ప్రతి జనవరిలోనూ వాడిదే కప్పు. హిందూపురం కుర్రాళ్ళు కొత్త సైకిళ్ళు కొన్నారు, పాలు గుడ్లు తాగి తయారయ్యారు, ఏమీ లాభం లేకపోయింది. వాళ్ళు పందెం కోసం ఒక నెల తొక్కితే వీడు చావుల కోసం ఏడాది పొడుగునా తొక్కేవాడు. ధర్మవరంలోనే వాడికి పెళ్ళి కూడా కుదిరింది. ప్రేమలత అని, పట్టు నూలు కండెలు చుట్టే పిల్ల, వాళ్ళ చర్చివాళ్ళే. పెళ్ళికి ముందే వాడు ఆ పిల్లకు తన పనేంటో దాచకుండా చెప్పాడు. ఆ పిల్ల "నువ్వు మోసేది కబురే గదా, సావు గాదు గదా" అందట. బంగారం లాంటి మాట. ఇంత చిన్న సంగతి మా ఊళ్ళవాళ్ళలో ఒక్కడి బుర్రకూ తట్టలేదు.

తొంభై ఏడు చివర్లో సుబ్బరాయుడు వాణ్ణి పిలిపించాడు. "ఈసారి బెంగుళూరోళ్ళు గేరు సైకిళ్ళతో వస్తాండారంట. ఆళ్ళను గూడా కొట్టి కప్పు తెస్తివా, నిన్ను మా కొట్లో పెట్టుకుంటా. మగ్గం మీంచి దిగిన పెండ్లి చీరలు పెండ్లోళ్ళ ఇండ్లకు తీస్కపోయి ఇచ్చి రావల్ల. కప్పు గెలిచినోడు మా చీరలు తెచ్చిచ్చినాడంటే ఆళ్ళకూ గొప్ప, నాకూ గొప్ప" అన్నాడు. సాల్మన్ నేరుగా నా షాపుకే వచ్చాడు. కూర్చోలేదు, నిలబడలేదు. "అన్నా, పెండ్లి చీర తీస్కపోతే ఇంటోళ్ళు ఎదురొస్తారంట గదన్నా! లోపలికి పిల్చి, కూసోబెట్టి, ఏదన్నా తియ్యంది పెడతారంట గదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. పెడతారు, పాయసం పోస్తారు, నీ మొహానికి పూస్తారు కూడా, పో, అన్నాను. నవ్వాడు. ఇక చావు కబుర్లు ఉండవు. కాలనీలో ఇంకెవరైనా చూసుకుంటారు, లేదంటే ఊరివాళ్ళే కాళ్ళు కదుపుకుంటారు. వాడికి కావలసిందల్లా ఆ ఒక్క కప్పు. ధర్మవరంలో మాత్రం వాడి పాత పని సంగతి ఎవరికీ చెప్పొద్దని తన చేతిలో నా చెయ్యి వేయించుకున్నాడు.

పందెం రోజు చలి బాగా ఉంది. బెంగుళూరువాళ్ళు నిజంగానే గట్టివాళ్ళు. సోమందేపల్లి దాకా ఒకడు సాల్మన్ వెనక చక్రానికి అంటుకునే వచ్చాడు. పెనుకొండ దాటాక ఎత్తు వచ్చింది. అక్కడ మనవాడు సీటు మీంచి లేచి తొక్కడం మొదలుపెడితే, ఆ గేర్లన్నీ దేనికీ పనికి రాలేదు. గుట్టూరు దాటేసరికి వెనక ఎవరూ కనపడటం లేదు. నేను మోపెడ్ మీద వాడి వెనకే ఉన్నాను. నాకు ధర్మవరం కళ్ళముందు కనపడుతోంది, పెళ్ళి చీరల మూట కనపడుతోంది. ఒరే సాల్మనూ, ఇంక కొద్దిగేరా, అని నాలో నేను అనుకుంటున్నాను.

గుట్టూరు దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ వెంకటక్క అనే ఆమె పశువులకు గడ్డిమోపు ఎత్తుకుని వస్తోంది. ఆమె కొడుకు హనుమంతరాయుడు అంతకు ముందు రోజు ట్రాక్టరు ట్రాలీ మీంచి పడి, పెనుకొండ ఆస్పత్రిలో ఉన్నాడు. రాత్రంతా కొడుకు దగ్గర ఉండి, పశువులకింత మేత వేసి పోదామని పొద్దున్నే ఇంటికొచ్చింది. పెనుకొండ వైపు నుంచి, తల వంచి, ఎవరి మొహమూ చూడకుండా, బెల్లు కొట్టకుండా వస్తున్న సాల్మన్‌ను చూసింది. ఆమెకు పందెం సంగతి ఎవరు చెప్తారు? ఏడాది కిందట ఆమె అన్న పోయిన కబురు మోసుకొచ్చింది ఈ సాల్మనే. గడ్డిమోపు కింద పడేసి "ఓరి నా కొడకా!" అని రోడ్డు నడిమధ్య కూలబడి తల బాదుకోవడం మొదలుపెట్టింది.

పక్కనుంచి పోవచ్చు. రోడ్డు వెడల్పుగానే ఉంది. నేను చూస్తుండగానే వాడు బ్రేకు పట్టి దిగిపోయాడు.

"అమ్మా, కబురు గాదమ్మా! ఇది పందెం. సైకిల్ పందెం. నీ కొడుక్కేమీ కాలేదు" అన్నాడు.

"అట్లనే అంటావులే. మా యన్నకు గూడా అట్లనే అంటివి. ఉండాడు ఉండాడంటివి, పోయి జూస్తే యాడుండాడు?" అని ఏడ్చింది వెంకటక్క.

అదీ సంగతి. అన్నేళ్ళు వాడు దయతో చెప్పిన అబద్ధం, ఇవాళ నిజం చెప్తుంటే అడ్డం వచ్చింది. వీపుకున్న నంబరు గుడ్డ చూపించాడు. ఆమెకు చదువు రాదు, ఆ గుడ్డ కూడా ఏదో చావుకు సంబంధించిందే అనుకుంది. దేవుడి మీద ఒట్టేశాడు. ఒట్టేసేసరికి ఆమె ఇంకా గట్టిగా ఏడ్చి, సైకిలు హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుంది. "నిజం చెప్పు నాయనా. నీ కాళ్ళు మొక్కుతా, నిజం చెప్పు."

నేను మోపెడ్ దిగి, అమ్మా, నా బండెక్కు, నేను ఆస్పత్రికి తీసుకుపోతాను, వాణ్ణి పోనీ, అన్నాను. "నువ్వెవురప్పా నడిమధ్య? నాకు ఈ యబ్బి చెప్పల్ల" అని హ్యాండిలు వదల్లేదు. వెనక మలుపులో బెంగుళూరువాడు కనపడ్డాడు. "ఒరే, చేతులు విడిపించుకుని పోరా!" అని అరిచాను. నిజంగానే అరిచాను, గొంతు పోయేట్టు అరిచాను. సాల్మన్ రోడ్డు వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు. బెంగుళూరువాడు మా పక్కనుంచి దూసుకుపోయాడు. ఆ వెనక ఇంకొకడు, ఇంకొకడు. హిందూపురం కుర్రాళ్ళు మాత్రం వేగం తగ్గించి, ఏం జరుగుతోందో తేరిపార చూసి, "ఏమప్పా, ఎవురు సచ్చిరి?" అని నవ్వుకుంటూ పోయారు.

సాల్మన్ సైకిలును వెనక్కి తిప్పాడు. "ఎక్కమ్మా, నీ కంటితో నువ్వే సూద్దువు" అన్నాడు. క్యారియరు నేను విప్పేశాను కదా. ఆమె ముందు బార్ మీద ఒక పక్కకు కూర్చుంది. ఆమె ఇంటి గడప ఇవతలే నిలబడవలసిన మనిషి చేతుల మధ్య, భుజానికి తల ఆనించి, ఏడుస్తూనే కూర్చుంది. పందెం అటు పోతుంటే వీడు ఇటు పెనుకొండకు తొక్కాడు. అన్ని కప్పులు గెలిచినప్పుడు కూడా వాడు అంత వేగంగా తొక్కడం నేను చూడలేదు.

ఆస్పత్రిలో హనుమంతరాయుడు మంచం మీద కూర్చుని టీలో బన్ను ముంచుకుని తింటున్నాడు. వెంకటక్క వాణ్ణి వీపు మీద నాలుగు చరిచి, కౌగిలించుకుని, ఏడ్చి, నవ్వి, నానా గోల చేసింది. తర్వాత చుట్టూ చూసింది. సాల్మన్ అలవాటుగా గది గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆమె పోయి వాణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. "ఈ యబ్బి నిజం చెప్పినాడ్రా! నేనే నమ్మకపోతి" అంటూ వాడి మొహం నిమిరి, మనసారా నవ్వింది. సాల్మన్ కూడా నవ్వాడు. మా పక్క ఊళ్ళలో వాణ్ణి చూసి నవ్విన మొదటి మనిషి ఆమె.

బయటికొచ్చాక వీపు మీది నంబరు గుడ్డ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ధర్మవరం పోయి షావుకారుకు కనపడొద్దామన్నా. జరిగింది చెప్తే ఆయన అర్థం చేసుకుంటాడు" అన్నాడు. నాకూ ఆశ ఉంది. మోపెడ్ మీద ఎక్కించుకుని తీసుకుపోయాను.

మాకంటే ముందే కథ ధర్మవరం చేరింది. అన్నేళ్ళు ఓడి నోరెత్తని హిందూపురం కుర్రాళ్ళు, ఇప్పుడు వీడి పనేంటో కూడా కలిపి వీధి వీధినా చెప్పి నవ్వించారు. సుబ్బరాయుడు కొట్లో పరుపు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. మాట మాత్రం మెత్తగానే అన్నాడు. "నువ్వు మంచోనివేప్పా సాల్మనూ. మంచోనివి కాబట్టే దిగినావు. కప్పు పోతే పోయె. కానీ నీ పని ఇదని నాతో ఒక్క మాట చెప్పకపోతివే? సావు కబుర్లు మోసినోడి చేత పెండ్లి చీర పంపిస్తానని తెలిస్తే, నా కొట్టు గడప ఎవురు తొక్కుతారు?"

నేను ఊరుకోలేదు. "ఆ చీర నేసినోళ్ళ ఇండ్లల్లో ఎవురూ సావలేదా షావుకారూ? గూడులో పురుగును వేన్నీళ్ళలో సంపి తీసిన పట్టే గదా నువ్వమ్మేది! దానికి లేని మైల ఈ మనిషికి యాడ్నుంచి వచ్చె?" అన్నాను. సుబ్బరాయుడు మొహం ఎర్రబడింది. సాల్మన్ నా చొక్కా పట్టుకుని బయటికి లాగాడు. "పోనీలేన్నా, పోనీలే" అన్నాడు.

బయట వీధిలో, ప్రతి ఏడూ ఈలలు వేసిన నేతవాళ్ళే నిలబడి ఉన్నారు. ఒక అరుగు మీద కండెలు చుట్టుకుంటున్న ఆమె సాల్మన్‌ను చూసి, వీధిలో ఆడుకుంటున్న బిడ్డను పిలిచి లోపలికి పంపేసింది. వాడు చూశాడు. మోపెడ్ మీద నా వెనక కూర్చున్నాడు. పెనుకొండ దాకా నా వీపుకు వాడి నుదురు తగులుతూ ఉంది, చొక్కా తడిసింది. వాడికి ఒకే ఒక్క ఊరు ఉండేది, అది కూడా పోయింది.

మళ్ళీ వాడు పందేనికి రాలేదు. క్యారియరు తెచ్చి మళ్ళీ బిగించమన్నాడు. కబుర్లు మోయడం మాత్రం మానలేదు, మానితే ఇల్లెట్లా గడుస్తుంది? కానీ ఒక్క మార్పు వచ్చింది. గుట్టూరు వైపు పోవలసి వచ్చినప్పుడు, వెంకటక్క పల్లె ఇంకా దూరం ఉండగానే బెల్లు కొట్టడం మొదలుపెట్టేవాడు. నీకేమీ లేదమ్మా, భయపడొద్దు, నేను ఊరికే పోతున్నాను అని. ఆ బెల్లు వినగానే ఆమె పనులు వదిలేసి, మజ్జిగ చెంబుతో రోడ్డు మీదికొచ్చి, నోరారా నవ్వుతూ "ఏమప్పా సాల్మనూ, పందెమా?" అనేది. వీడు "పందెమేనమ్మా!" అనేవాడు. లోపలికి రమ్మంటే మొదట్లో గడప దాటడానికి వీడికే కాళ్ళు రాలేదు. తర్వాత తర్వాత సంగటి తిని వచ్చేవాడు. రొద్దం పోవలసిన వాడు గుట్టూరు వైపు తిరగడం నేను ఎన్నిసార్లు చూశానో. ఒరే, రొద్దానికి అటు దారేందిరా, అని తిట్టేవాణ్ణి. "ఆ యమ్మ నవ్వుతాదన్నా" అనేవాడు.

ఆ తర్వాత ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి, వెనకే సెల్‌ఫోన్లొచ్చాయి. చావు కబురు బటన్ నొక్కితే పోతోంది. వాడి పని పోయింది. పోనీ, ఆ చూపైనా పోయిందా అంటే అదీ లేదు. సాల్మన్ ఎదురైతే ఇంకా పక్కకు తప్పుకునేవాళ్ళు. కంకర క్రషర్లో కూలికి చేరాడు. పొద్దస్తమానం ఆ తెల్లటి దుమ్ములో ఉండి ఉండి, రెండేళ్ళు తిరక్కుండా దగ్గు పట్టుకుంది. గుట్టలు ఎగబాకిన మనిషి, నా షాపు మెట్టెక్కడానికి ఆయాసపడేవాడు. అయినా పదిహేను రోజులకోసారి ఆ సైకిలు నెట్టుకుంటూ, ఎక్కి దిగుతూ, వెంకటక్క దగ్గరికి పోయి వచ్చేవాడు.

రెండువేల ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున సాల్మన్ పోయాడు. నేను పోయేసరికి కాలనీవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. అందరికీ చెప్పేశామన్నారు. ప్రేమలత గోడకానుకుని కూర్చుని ఉంది, కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచి, మూలనున్న సైకిలు తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"అన్నా, వెంకటక్కమ్మకు ఇంకా చెప్పలేదు. ఆ యమ్మకు ఫోన్లో వద్దన్నా. ఆయన అంతమందికి పోయి చెప్పినాడు. ఆయనకు ఒక్కరన్నా పోయి చెప్పల్ల గదా" అంది.

నాకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. అయినా ఆ సైకిలెక్కి గుట్టూరు రోడ్డు పట్టాను. తల ఎత్తి తొక్కుదామనుకున్నాను, నా వల్ల కాలేదు. ఎదురైనవాళ్ళ కళ్ళలోకి చూడటానికి భయమేసి, తల దానంతటదే వంగింది. సాల్మన్ అలా ఎందుకు తొక్కేవాడో ఆ రోజు తెలిసింది. పల్లె దగ్గర పడింది. చెయ్యి బెల్లు దాకా పోయింది, వెనక్కి తీసుకున్నాను.

వెంకటక్క అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వయసు మీద పడి కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. సైకిలును మాత్రం గుర్తు పట్టింది. మొహం వెలిగిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏమప్పా సాల్మనూ, ఈ పొద్దు బెల్లు మరిస్తివే! పందెమా?"

నేను సైకిలు దిగి వీధిలోనే నిలబడ్డాను. "నేను నారాయణప్పనమ్మా, సైకిల్ షాపు. సాల్మన్‌కు... కొంచెం సీరియస్‌గా ఉండాది. నిన్ను సూడల్లంటాండాడు. బయల్దేరమ్మా" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుంది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"ఉండాడమ్మా, ఉండాడు" అన్నాను.

"నీకు సరిగ్గా చెప్పనీకి రాదులేప్పా" అంది వెంకటక్క. "వాడైతే బాగా చెప్తాండె."

లోపలికి పోయి తలుపుకు తాళం పెట్టుకొచ్చింది. క్యారియరు మీద కూర్చుని, నా చొక్కా పట్టుకుంది. నేను సైకిలును పెనుకొండ వైపు తిప్పాను.